6కచ బయటికి తీశాక ఆ 1 ఎక్కడిది? కారణాంక విభజనలో గ.సా.భా. సంగతి

అడిగిన ప్రశ్న, కుదించి: "మా పాప 8వ తరగతి. ఉంటున్నది వైజాగ్‌లోనే, గోపాలపట్నంలో. 12క²చ − 18కచ² + 6కచ ని కారణాంకాలుగా విడగొట్టమంటే 6కచ(2క − 3చ) అని రాసింది. టీచర్ కొట్టేశారు, బ్రాకెట్‌లో చివర +1 ఉండాలట. ఆ 1 ఎక్కడి నుంచి వచ్చిందో పాపకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. అసలు ఏది బయటికి తీయాలో ఎలా కనిపెట్టాలి సర్? ఇదంతా ముందు ముందు ఎక్కడైనా పనికొస్తుందా?"

ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద రాస్తున్నాను కాబట్టి పుస్తకంలో ఎక్స్ ఉన్నచోట క, వై ఉన్నచోట చ అని పెట్టాను. మీ లెక్కలో కూడా అలాగే మార్చాను. వింతగా అనిపిస్తే ఒక్క మాట: 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులకు కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలతోనే లెక్కలు నడిపాడు. మనం కొత్తగా చేస్తున్నదేమీ లేదు.

మర్రిపాలెం, కంచరపాలెం వైపు పిల్లలకి చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ 1 దగ్గర తడబడని బ్యాచ్ ఇంతవరకు నాకు తగల్లేదు. కాబట్టి పాపని ఏమీ అనకండి. ఆ లెక్కలో కష్టమైన పనంతా తను సరిగ్గానే చేసింది. మూడు పదాలకీ ఉమ్మడిగా ఉన్న పెద్ద కారణాంకం 6కచ అని పట్టుకుంది. పోయింది ఆఖరి అడుగులో.

ఆ లెక్కనే పూర్తిగా విప్పి ఒకదాని కింద ఒకటి రాయించండి. పొడుగ్గా ఉంటుంది, పర్వాలేదు.

12క²చ = 2 × 2 × 3 × క × క × చ
18కచ² = 2 × 3 × 3 × క × చ × చ
6కచ = 2 × 3 × క × చ

ఇప్పుడు పెన్సిల్ ఇచ్చి, మూడు వరసల్లోనూ ఉన్నవాటికి సున్నా చుట్టమనండి. ఒక 2, ఒక 3, ఒక క, ఒక చ. ఈ నాలుగింటి లబ్ధమే 6కచ, అదే గ.సా.భా., అంటే గరిష్ఠ సామాన్య భాజకం. సున్నా చుట్టనివి చూస్తే మొదటి వరసలో 2, క మిగిలాయి, అంటే 2క. రెండో వరసలో 3, చ మిగిలాయి, అంటే 3చ. మూడో వరసలో అన్నిటికీ సున్నాలు పడిపోయాయి. మీ పాప సరిగ్గా ఇక్కడ ఆగి "ఏమీ మిగల్లేదు కదా" అనుకుని వదిలేసి ఉంటుంది.

మిగల్లేదంటే తీసివేతలో సున్నా. ఇక్కడ మనం తీసివేయట్లేదు, భాగిస్తున్నాం. ప్రతి పదాన్నీ 6కచ తో భాగించి వచ్చినదాన్ని బ్రాకెట్‌లో పెడుతున్నాం. 12క²చ ని 6కచ తో భాగిస్తే 2క. 18కచ² ని భాగిస్తే 3చ. 6కచ ని 6కచ తో భాగిస్తే 1. ఆరుని ఆరుతో భాగిస్తే ఎంత అని పాపని అడగండి, టక్కున ఒకటి అంటుంది. అక్షరాలు వచ్చేసరికి అదే ప్రశ్న కొత్తగా కనిపిస్తుంది, అంతే తేడా.

12క²చ − 18కచ² + 6కచ = 6కచ(2క − 3చ + 1)

ఒక గట్టి గుర్తు పెట్టించండి. లెక్కలో ఎన్ని పదాలుంటే బ్రాకెట్‌లో అన్ని పదాలు ఉండాలి. మూడు ఇచ్చి రెండే కనిపిస్తున్నాయంటే ఒకటి ఎక్కడో జారిపోయిందన్నమాట. పరీక్షలో ఇది చూసుకోవడానికి రెండు సెకన్లు చాలు.

ఆ 1 ఎందుకంత ముఖ్యమో పిల్లలకి హోటల్ బిల్లుతో చెబుతాను. ద్వారకానగర్‌లో టిఫిన్ చేశారు. తిన్నదానికి క రూపాయలు, దాని మీద 5 శాతం జీఎస్టీ. మొత్తం క + 0.05క. ఇందులో క ఉమ్మడి, కాబట్టి క(1 + 0.05), అంటే 1.05క. పాప పద్ధతిలో 1 వదిలేస్తే క(0.05) అవుతుంది. అంటే దోసె ఊరికే తిని, ట్యాక్స్ మాత్రం కట్టి వచ్చేసినట్టు! క్యాషియర్ ఊరుకోడు, టీచర్ కూడా అందుకే ఊరుకోలేదు.

జవాబు సరైందో కాదో పాప తనంతట తనే తేల్చుకోవచ్చు, ఆన్సర్ షీట్ అక్కర్లేదు. మొదటి దారి, బ్రాకెట్‌ని మళ్లీ గుణించి విప్పడం. ఇచ్చిన లెక్క తిరిగి వస్తే సరి. రెండోది, అంకెలు వేసి చూడడం. క = 2, చ = 1 అనుకుందాం. ఇచ్చిన లెక్క విలువ 48 − 36 + 12 = 24. పాప జవాబులో వేస్తే 12 × (4 − 3) = 12. సగానికి సగం తేడా వచ్చేసింది. ఆ తేడా 12 ఏమిటో చూడండి: క = 2, చ = 1 దగ్గర 6కచ విలువ సరిగ్గా అదే. జారిపోయిన పదమే మనకి ఎదురుగా వచ్చి నిలబడింది. +1 పెట్టి వేస్తే 12 × (4 − 3 + 1) = 24, సరిపోయింది.

అంకెలు వేసేటప్పుడు 0 వద్దు. ఇలాంటి లెక్కలో 0 వేస్తే తప్పు జవాబు కూడా 0 అయి కూర్చుంటుంది, ఒప్పో తప్పో తేలదు. అన్నిటికీ 1 వేయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే ఒకటి స్క్వేర్ అయినా క్యూబ్ అయినా ఒకటే, ఘాతాంకంలో చేసిన తప్పు బయటపడదు. 2, 3 లాంటివి వేయించండి. ఇంకో సంగతి, అంకెలు వేసి సరిపోయినంత మాత్రాన జవాబు కచ్చితంగా ఒప్పని కాదు. సరిపోకపోతే మాత్రం కచ్చితంగా తప్పే. పూర్తి భరోసా కావాలంటే గుణించి విప్పడమే దారి.

ఇక మీ రెండో ప్రశ్న, ఏది బయటికి తీయాలో ఎలా తెలుస్తుందని. తీయాల్సింది గ.సా.భా. దాన్నే ఇంగ్లీష్ మీడియం పిల్లలు హెచ్.సి.ఎఫ్. అంటారు, యూట్యూబ్ వీడియోల్లో జి.సి.ఎఫ్. అని వినిపిస్తుంది. మూడూ ఒకటే, కంగారు పడొద్దు. అంకెల పని వేరుగా, అక్షరాల పని వేరుగా చేయించండి. గుణకాలన్నిటి, అంటే అక్షరాల ముందున్న అంకెల, గ.సా.భా. ఒకవైపు. తర్వాత అన్ని పదాల్లోనూ ఉన్న అక్షరాలు మాత్రమే, వాటిలో ఒక్కోదానికి ఉన్న అతి చిన్న ఘాతం.

ఈ "అతి చిన్న" దగ్గరే రెండో పెద్ద గొడవ. 4క⁵ + 6క² ఇస్తే సగం మంది 2క⁵ బయటికి తీస్తారు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) చేసినప్పుడు పెద్ద ఘాతం తీసుకున్నారు, ఆ అలవాటు ఇక్కడికి వచ్చేస్తుంది. క² లో ఉన్నవి రెండే క లు. అందులోంచి ఐదు ఎలా తీస్తాం? ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్లని బట్టే ఉమ్మడి. కాబట్టి 2క² తీయాలి: 2క²(2క³ + 3). బ్రాకెట్‌లో క³ ఎలా వచ్చిందంటే 5 లోంచి 2 తీసేశాం. అంకెల్ని భాగిస్తున్నాం కదా అని ఘాతాంకాల్ని కూడా భాగించేసే పిల్లలు ఉంటారు. క⁶ ని క² తో భాగిస్తే క³ అంటారు. క⁴ రావాలి. విప్పి రాయిస్తే ఒక్కసారికే పోయే తప్పు ఇది.

ఉమ్మడిది తీసినా పూర్తిగా తీయకపోవడం మరో రకం. 84క³చ² − 126క²చ³ + 210క²చ² ని ఒకడు 2కచ(42క²చ − 63కచ² + 105కచ) అని రాసి ఇస్తాడు. గుణిస్తే సరిపోతుంది, అబద్ధం కాదు. కానీ పని సగంలో ఆపేశాడు. బ్రాకెట్ లోపలికి చూసి ఇంకా ఉమ్మడిగా ఏమైనా ఉందా అని అడగాలి. ఉంది, 21కచ. అది కూడా బయటికి వస్తే 42క²చ²(2క − 3చ + 5). ఒకేసారి 42 కనిపించకపోతే తప్పేం లేదు, రెండు మూడు విడతల్లో తీయనివ్వండి. లోపల ఇంకేమీ ఉమ్మడిగా లేనంత వరకు తీస్తే చాలు. ఇంట్లో అలాగే చేయించండి, వేగం తర్వాత దానంతటదే వస్తుంది.

పెద్ద అంకెలు వస్తే పిల్లలు 2, 3, 5, 7 తో చూసి "ఏమీ లేదు సర్" అని చేతులెత్తేస్తారు. 391క + 299 తీసుకోండి. 2 పోదు, 3 పోదు, 5, 7 పోవు. ఇక్కడ యూక్లిడ్ రెండువేల మూడువందల ఏళ్ల కింద చెప్పిన కిటుకు వాడాలి. రెండు సంఖ్యల్నీ భాగించేది ఏదైనా సరే వాటి తేడాని కూడా భాగించి తీరాలి. 391 − 299 = 92. అంటే ఉమ్మడిది ఏదైనా ఉంటే 92 కారణాంకాల్లోనే ఉండాలి. 92 అంటే 4 × 23. మన రెండు సంఖ్యలూ బేసి, కాబట్టి 2, 4 గొడవ లేదు. మిగిలింది 23. చూస్తే 23 × 17 = 391, 23 × 13 = 299. జవాబు 23(17క + 13). పదమూడు దాకా ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ వెళ్లి విసిగి మానేసే పిల్లలకి ఈ ఒక్క తీసివేత చూపిస్తే కళ్లు పెద్దవవుతాయి. 8వ తరగతి పరీక్షలో ఇంత పెద్ద అంకెలు సాధారణంగా ఇవ్వరు, అయినా నేర్పండి. సరదాగా ఉంటుంది.

గుర్తుల సంగతి చిన్నదే కానీ మార్కులు ఎక్కువ పోయేది అక్కడే. మొదటి పదం ముందు మైనస్ ఉంటే మైనస్‌తో కలిపి బయటికి తీయడం వాడుక. −4క² + 8క − 12 అయితే −4(క² − 2క + 3). లోపల ప్రతి గుర్తూ తిరగబడింది చూడండి. ఒక్కటి తిరగబడి మిగతావి అలాగే ఉన్నాయంటే అనుమానించాలి.

రెండేసి పదాల బ్రాకెట్టే ఉమ్మడిగా వచ్చే లెక్కలు తర్వాతి అభ్యాసంలో వస్తాయి. 3క(క − 2) + 5(క − 2) లో (క − 2) మొత్తాన్ని ఒకే వస్తువుగా చూడాలి. దాన్ని వేలితో మూసేయమంటాను. వేలు ఉన్నచోట ఒక అక్షరం ఉందనుకుంటే అది మామూలు లెక్కే: (క − 2)(3క + 5). మన 1 ఇక్కడ కూడా వెంటపడి వస్తుంది. క(క − 2) + (క − 2) ఇస్తే క(క − 2) అని రాసి ఊరుకుంటారు. రెండో (క − 2) ముందు కనబడకుండా 1 ఉంది. (క − 2)(క + 1) రావాలి. మీ పాప ఇప్పుడు చేసిన తప్పే వేషం మార్చుకుని వచ్చింది.

ఒక్కోసారి బ్రాకెట్లు ఎదురెదురుగా ఉంటాయి. 5క(క − 3) + 2(3 − క) చూసి ఉమ్మడి లేదనేస్తారు. (3 − క) అంటే −(క − 3) కదా. గుర్తు మారిస్తే 5క(క − 3) − 2(క − 3), దాంతో (క − 3)(5క − 2).

నాలుగు పదాలిచ్చి, నాలుగింటికీ ఉమ్మడి ఏమీ లేకపోతే రెండేసి చొప్పున జత కట్టాలి. జతలు ఇచ్చిన వరసలోనే కుదరాలని లేదు. 10కచ + 6 − 4చ − 15క ఇస్తే మొదటి రెండిట్లో 2 తప్ప ఏమీ రాదు, 2(5కచ + 3) దగ్గర దారి మూసుకుపోతుంది. చ ఉన్నవాటిని ఒకచోటికి చేర్చితే 10కచ − 4చ − 15క + 6. మొదటి జతలో 2చ(5క − 2). రెండో జతలో −3 తీస్తే −3(5క − 2). మొత్తం (5క − 2)(2చ − 3). రెండో జతలో +3 తీసి ఉంటే బ్రాకెట్‌లో (−5క + 2) వచ్చేది, మొదటిదానితో కలవదు. ఏ గుర్తు తీయాలో మొదటి బ్రాకెట్టే చెబుతుంది, దాన్ని చూసి రెండోది నిర్ణయించుకోవాలి. ఈ రకం లెక్కల్లో నిజంగా తెలివి పెట్టాల్సింది ఇక్కడే, మిగతాదంతా అలవాటు. నా మట్టుకు నేను ఈ జతల లెక్కలే ఎక్కువ చేయిస్తాను.

రేపు ఎక్కడ పనికొస్తుందన్నారు. వచ్చే ఏడాదే పనికొస్తుంది. 9, 10 తరగతుల్లో ఏ బహుపది ఇచ్చినా మొదట చూడాల్సింది ఉమ్మడి కారణాంకమే. 2క² − 50 ని చూసి వర్గాల భేదం సూత్రం, అంటే క² − చ² = (క + చ)(క − చ), పట్టదని వదిలేస్తారు. 2 బయటికి తీస్తే 2(క² − 25), ఇక 2(క + 5)(క − 5). అలాగే 3క² + 21క + 36 లో మధ్య పదాన్ని విడగొట్టాలంటే లబ్ధం 108, మొత్తం 21 వచ్చే జత వెతకాలి. ముందే 3 తీసేస్తే లబ్ధం 12, మొత్తం 7. మూడు, నాలుగు అని ఎవరైనా చెప్పేస్తారు. జవాబు 3(క + 3)(క + 4).

భిన్నాల్లో కొట్టివేత మరో చోటు. (6క + 9) కింద 3 ఉంటే, ఆరుని మాత్రం కొట్టేసి 2క + 9 అని రాసేవాళ్లు ఇంటర్‌లో కూడా కనిపిస్తారు. పైదాన్ని 3(2క + 3) అని మార్చాకే 3 ని కొట్టాలి, 2క + 3 వస్తుంది. గుణకారంలో ఉన్నదాన్నే కొట్టగలం, కూడికలో ఉన్నదాన్ని కాదు.

ఇంకోటి నాకు ఇష్టమైనది. ఆర్.కె. బీచ్‌లో ఒకడు బంతిని నిటారుగా పైకి విసిరాడు, సెకనుకు 20 మీటర్ల వేగంతో. గాలి నిరోధం వదిలేసి, గురుత్వ త్వరణం 10 అనుకుంటే, ట సెకన్ల తర్వాత ఎత్తు 20ట − 5ట² మీటర్లు. ఎప్పుడు తిరిగి చేతికి వస్తుంది? ఉమ్మడిది తీస్తే 5ట(4 − ట). ఈ లబ్ధం సున్నా కావాలంటే ట = 0 అయినా కావాలి, ట = 4 అయినా కావాలి. మొదటిది విసిరిన క్షణం, రెండోది పట్టుకున్న క్షణం. నాలుగు సెకన్లు. విడగొట్టక ముందు ఆ 4 ఎక్కడా కనిపించదు, విడగొట్టగానే నేరుగా చదివేయొచ్చు. పెద్ద క్లాసులకి వెళ్లాక 20ట = 5ట² అని రాసుకుని రెండువైపులా ట కొట్టేస్తారు, ట = 0 అనే జవాబు మాయమైపోతుంది. అక్షరంతో కొట్టివేయకుండా ఒకవైపుకి తెచ్చి ఉమ్మడి తీయడం ఇప్పటి నుంచే అలవాటైతే ఆ తిప్పలు ఉండవు.

నోటి లెక్కలకి సరేసరి. రైతుబజారులో పొద్దున్న 47 కిలోలు, సాయంత్రం 53 కిలోలు, కిలో 36 రూపాయల చొప్పున అమ్మిన మనిషి రెండు గుణకారాలు చెయ్యడు. నూరు కిలోలు, 3,600 అంటాడు. 36 × 47 + 36 × 53 = 36(47 + 53). బీజగణితం పేరు వినకపోయినా చేసింది అదే.

ఇక ఈ ఆదివారం పాపతో చేయించడానికి కొన్ని ఇస్తున్నాను. విప్పి రాయడం మొదటి రెండిటికి చాలు, తర్వాత నేరుగా చేయనివ్వండి. ప్రతిదానికీ చివర గుణించి చూసుకోవాలి, ఆ వరస కూడా నోట్‌బుక్‌లో కనిపించాలి.

15క²చ + 5కచ. జవాబు 5కచ(3క + 1).
−6క³ + 9క² − 3క. జవాబు −3క(2క² − 3క + 1). గుర్తులు, 1, రెండూ ఇందులోనే ఉన్నాయి కాబట్టి ఇది సరిగ్గా చేసిందంటే మీ దిగులు సగం తీరినట్టే.
క²(చ + 4) − (చ + 4). ముందు (చ + 4)(క² − 1) వస్తుంది. అక్కడితో ఆగితే ఆగనివ్వండి, సర్వసమీకరణాల పాఠం అయ్యాక మళ్లీ ఇదే ఇస్తే (చ + 4)(క + 1)(క − 1) దాకా వెళ్తుంది.
6కచ + 8క − 9చ − 12. జవాబు (3చ + 4)(2క − 3).
8క² + 15చ. దీని మీద ఎంతసేపు కూర్చుంటుందో చూడండి, మీరు మాత్రం మాట్లాడొద్దు. 8 కి, 15 కి ఉమ్మడిగా 1 తప్ప ఏమీ లేదు, అక్షరాలూ వేరు. "నాన్నా, ఇది విడిపోదు" అని తనే అంటే పూర్తి మార్కులు వేసేయండి.